కుడివైపు సీటు

ఇంటి నుంచి,
ఆదివారం ఉదయం

చిరంజీవి మా అమ్మాయికి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా బీపీ తప్ప. నిన్న సాయంత్రం దాకా అది కూడా బాగానే ఉంది. ఫోను ముందు నువ్వు పెట్టేశావో నేను పెట్టేశానో గుర్తులేదు కాని, మీ అమ్మ వచ్చి నా చేతిలోది లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. "మీరిద్దరూ అరుచుకుంటుంటే పక్కింటివాళ్లు టీవీ సౌండు తగ్గించుకుని మరీ వింటున్నారు. ఇకమీదట ఏమున్నా కాగితం మీద రాసుకోండి" అంది. అందుకని రాస్తున్నాను. రాసినదాన్ని తనే ఫొటో తీసి నీకు పంపిస్తుందట. ముందు తను చదువుతుందన్నమాట. చదువుకోనీ, దాచుకోవాల్సిన మాట నేనేమీ రాయడం లేదు.

విషయానికొస్తాను. మీ స్నేహితురాలెవరో పెట్టిన ఫొటోని మీ పిన్ని చూసి మాకు పంపింది. కొండ అంచు, కింద సరస్సు, ఎర్ర కారు. కారులో కుడివైపు ముందు సీట్లో నువ్వు. అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయటపెట్టి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నావు. ప్రకృతి బ్రహ్మాండంగా ఉందని మీ పిన్ని రాసింది. నాకు ప్రకృతి కనపడలేదు. లైసెన్సు లేని మనిషి స్టీరింగు ముందు కూర్చుని, చెయ్యి కిటికీ బయట షోకుగా వేలాడేసుకోవడం కనపడింది. ఆ మోచెయ్యి చూస్తే చాలు, నాకు ఒళ్లు మండిపోతుంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లెవరైనా అలా పెడితే అక్కడే దింపేస్తాను.

నీకు కారు నేర్పనని నేను ఇవాళ కొత్తగా చెప్పడం లేదు. నువ్వు కాలేజీలో చేరిన రోజునే చెప్పాను. అంత దూరం చదువుకోడానికి వెళతానంటే కాదనలేదు. స్నేహితులతో కొండలూ కోనలూ తిరుగుతానన్నా కాదనను. వెనక సీట్లో కూర్చుని తిరుగు. స్టీరింగు ముట్టుకోనని నాకు రాసి పంపు. అది వచ్చేదాకా నీతో మాటల్లేవు.

మీ నాన్న

*

హాస్టలు, మూడో అంతస్తు,
వాన పడుతున్న సాయంత్రం

నాన్నకి,

ముందు ఒక సంగతి. మొన్న ఫోనులోనే ఇది చెప్పి ఉంటే నీ బీపీ అక్కడికక్కడే దిగిపోయేది. కావాలనే చెప్పలేదు. నువ్వు "ఎలా ఉన్నావమ్మా" అనైనా అనకుండా అరవడం మొదలుపెట్టావు. అరిచేవాళ్లకి సంజాయిషీ ఇచ్చే అలవాటు నాకు లేదు. అందులో నీ పోలికే.

ఈ దేశంలో కార్లకి స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఫొటోలో నేను కూర్చున్నది పక్క సీటు. నా ముందు స్టీరింగు లేదు, అరటిపళ్ల సంచి ఉంది. ఊరందరికీ డ్రైవింగు నేర్పే మాస్టారు, స్టీరింగు ఎటుందో చూసుకోకుండానే సొంత కూతురి మీద కేసు రాసి శిక్ష కూడా వేసేశాడు.

ఎలాగూ శిక్ష పడింది కాబట్టి ఆ రోజు ఏం జరిగిందో పూర్తిగా విను. వారం మధ్యలో సెలవొస్తే నలుగురం కలిసి అద్దె కారులో బయల్దేరాం. అందరం మన భాషవాళ్లమే. నడిపింది లెక్కలమ్మ. గణితంలో పరిశోధన చేస్తోంది, మా నలుగురిలో లైసెన్సు ఉన్నది దానికే. వెనక సీట్లో పొడుగాయన మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన ఫొటోల పిల్ల. దారి చూపించడానికి నేను ముందు కూర్చున్నాను.

ఊరు దాటాక రోడ్డు ఏటి గట్టునే సాగింది. తర్వాత అడవి, ఆ తర్వాత ఒకటే మలుపులు. పైకి చేరేసరికి మబ్బులు మాకంటే కిందున్నాయి. అవి కాస్త పక్కకి జరిగాక సరస్సు కనిపించింది. నేను రోజూ ల్యాబులో పరీక్ష చేసే నీళ్లు దాంట్లోవే. చిన్న చిన్న సీసాల్లో తప్ప ఎప్పుడూ చూడని నీళ్లు ఒక్కసారిగా అంత కనిపించేసరికి అద్దం పూర్తిగా దించి మోచెయ్యి బయటపెట్టేశాను. నీ ఒళ్లు మండించిన ఆ ఫొటో అప్పుడు తీసిందే.

అసలు సంగతి దిగేటప్పుడు జరిగింది. లెక్కలమ్మ ఊళ్లో చదును రోడ్ల మీద నడిపిందే తప్ప కొండ దిగింది లేదు. బ్రేకు మీద పెట్టిన కాలు పెట్టినట్టే ఉంచింది. కాసేపటికి కాలిన వాసన మొదలైంది. నొక్కినా బండి సరిగ్గా ఆగడం లేదని దానికి తెలిసిపోయింది. చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి. ఎదురుగా మలుపు, పక్కన లోయ. వెనక ఇద్దరూ మా సీట్లని పట్టుకుని వేలాడుతున్నారు.

అప్పుడు నా నోట్లోంచి నీ గొంతు వచ్చింది నాన్నా. నేను ఆలోచించి మాట్లాడలేదు. "ఏం కాలేదండి. చూపు పైకెత్తండి. బానెట్ మీద కాదు, మలుపు చివర చూడండి. క్లచ్ నొక్కండి, రెండో గేరు వెయ్యండి. ఇప్పుడు మెల్లగా వదలండి. ఇంజను పట్టుకుంటుంది, మీరు పట్టుకోకండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దు. నొక్కండి, వదలండి." ఒకే కంచంలో తినే స్నేహితురాల్ని "అండీ" అన్నాను. అది కూడా "సరేనండి" అంది. బండి గట్టిగా ఒక మూలుగు మూలిగి నెమ్మదించింది. అలా ఒక్కొక్క మలుపే దాటిస్తూ కిందికి తెచ్చాను.

చదును మీదికొచ్చాక లెక్కలమ్మ బండి పక్కకి ఆపి ఏడ్చింది. "నువ్వెక్కడ నేర్చుకున్నావు?" అని పొడుగాయన అడిగాడు. నాకు నడపడం రాదన్నాను. ముగ్గురూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, సిగ్గేసింది.

అయినా నేర్చుకోవాలన్న ఆలోచన అప్పటికి లేదు. నీ ఫోను వచ్చింది, చెయ్యని తప్పుకి తిట్లు తిన్నాను. తినాల్సిన తిట్లు ఎలాగూ తినేశాను కాబట్టి ఇక ఆ తప్పేదో చేసేస్తాను. ఇవాళ పొద్దున్నే డ్రైవింగు క్లాసులో చేరాను. నువ్వడిగిన హామీ రాయడం లేదు.

మీ అమ్మాయి

*

స్కూలు ఆఫీసు,
మధ్యాహ్నం, క్లాసుల మధ్య

అమ్మాయీ,

ఏ దేశంలో స్టీరింగు ఎటువైపు ఉంటుందో నాకు తెలుసు. నువ్వు చెప్పక్కర్లేదు. ఫొటోలో ముందు అద్దం మీద ఆకాశం పడి స్టీరింగు ఎటుందో కనపడలేదు. మీ అమ్మ రెండు రోజులుగా వంటింట్లో తనలో తను నవ్వుకుంటోంది. ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం.

రెండో గేరు వేయించడం మంచి పనే. కాని వాసన వచ్చాక కాదు, దిగుడు మొదలవ్వక ముందే వెయ్యాలి. చదునుకి వచ్చాక బ్రేకులు చల్లారేదాకా ఆగారా, లేక ఏడుపు అవ్వగానే బయల్దేరారా? ఎవరైనా తెలివిగా చక్రాల మీద నీళ్లు పొయ్యలేదు కదా? అద్దెకిచ్చినవాడికి ఆ బ్రేకుల సంగతి చెప్పండి. మీ తర్వాత ఇంకొకరు ఎక్కుతారు దాన్ని. లెక్కలు చదివిన పిల్లకి వాలు లెక్క తెలియకపోవడం నాకు విడ్డూరంగా ఉంది.

నేను ఎవరికో చెప్పే మాటలు నువ్వెప్పుడు బట్టీ పట్టావో నాకు తెలియదు. చదువుతుంటే ఒక్క క్షణం నా క్లాసులో నేనే కూర్చున్నట్టు అనిపించింది. మీ అమ్మ ఆ పేజీని రెండుసార్లు చదివించుకుంది.

అయినా నా మాట మారదు. మాటలు చెప్పడం వేరు, నడపడం వేరు. క్లాసులు మానెయ్యి. ఆ దేశంలో బస్సులున్నాయి, రైళ్లున్నాయి. నీకు కారెందుకు?

నాన్న

*

యూనివర్సిటీ లైబ్రరీ, కిటికీ పక్క బల్ల

డ్రైవింగు స్కూలు ప్రొప్రయిటరు గారికి,

ఎప్పుడు బట్టీ పట్టానని అడిగారు. మనవి చేసుకుంటాను.

నేను బడికి వెళ్లడం మొదలుపెట్టిన కొత్తలో మీ దగ్గరికి ఆడవాళ్లు కారు నేర్చుకోవడానికి వచ్చేవారు. పరాయి మగవాడితో కారులో ఒంటరిగానా అని వాళ్ల ఇళ్లల్లో గొణిగారు. దానికి మీరు గొప్ప ఉపాయం కనిపెట్టారు. ఇంట్లోంచి మీ కూతుర్ని తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టారు. చిన్నపిల్ల తోడుంది కదా అని అందరి నోళ్లూ మూతపడ్డాయి. మీ స్కూలు నిలబడింది. నేను అక్కడే హోంవర్కు చేసుకున్నాను, అక్కడే నిద్రపోయాను, మలుపుల్లో వాంతి చేసుకున్నాను. టీచర్లు, నర్సులు, మందుల షాపు ఆవిడ, కొత్త కోడళ్లు, అందరూ నా కళ్ల ముందే నేర్చుకుని వెళ్లిపోయారు. ప్రతి ఒక్కరికీ మీరు చెప్పిన ప్రతి మాటా నేను విన్నాను. వాళ్లు దిగి వెళ్లిపోయాక నేను ముందు సీట్లోకి వస్తానంటే మాత్రం వెనకే కూర్చోమన్నారు.

ఊరందరి కూతుళ్లకీ స్టీరింగు ఇచ్చారు. మీ కూతుర్ని వాళ్లకి కాపలా పెట్టారు. దానికి నేను కోపం తెచ్చుకోకూడదా?

కారెందుకు అని అడిగారు. ఆ రోజు కొండ మీద లెక్కలమ్మ స్పృహ తప్పి ఉంటే, నాకు అన్నీ తెలిసి కూడా ఏమీ చేతకాక నలుగురం లోయలో పడేవాళ్లం. అందుకు. అదొక్కటే కాదు, నాకు నడపాలని ఉంది. అదీ కారణమే. అది చాలు కూడా.

క్లాసులు మానలేదు. నాకు నేర్పేది ఒక పెద్దావిడ, ఇదివరకు బస్సు నడిపేదట. అస్సలు మాట్లాడదు. ముందుకు పొమ్మనాలంటే "ఊఁ" అంటుంది, ఆగమనాలంటే ఏమీ అనదు. మీతో పోలిస్తే ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. పై నెలలో పరీక్ష.

ఇట్లు,
మీ మాజీ కాపలాదారు

*

ఇంటి నుంచి,
వరండాలో కూర్చుని

చిట్టితల్లీ,

నీ ఉత్తరం చదివి మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఇప్పుడు ఇంట్లో నాకు కాగితమే దిక్కు.

నువ్వు రాసింది అబద్ధమని అనను. స్కూలు నిలబడింది నీ వల్లే, అది నాకు తెలుసు. ఎందుకు నేర్పలేదో ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. నచ్చితే విను, లేకపోతే లేదు.

నేర్చుకునేవాళ్లు నా పక్కన ఉన్నంతసేపూ నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. వాళ్లు ఏం చేసినా నేను ఆపగలను. లైసెన్సు చేతికొచ్చాక వెళ్లిపోతారు, ఇక నా చేతిలో ఏమీ ఉండదు. పొద్దున్నే పేపరు రాగానే నేను ముందు యాక్సిడెంటు వార్తలు చూస్తానని నీకు తెలుసు కదా. వెటకారం చేసేదానివి. అందులో నా దగ్గర నేర్చుకున్నవాళ్ల పేరేమైనా ఉందా అని చూస్తాను. లేదని తేలాకే కాఫీ తాగుతాను. పరాయివాళ్ల కోసమే ఇంత అవస్థ పడేవాణ్ని, నిన్ను రోడ్డు మీదికి పంపి ఎలా ఉండగలనమ్మా? నాకు భయం. ఇందులో గొప్ప సిద్ధాంతమేమీ లేదు.

పరీక్షకి వెళ్లకు. ఇది హుకుం కాదు, అడుగుతున్నాను.

నాన్న

*

హాస్టలు,
పరీక్ష అయిన రోజు

నాన్నా,

ఫెయిలయ్యాను. సంతోషించు.

నువ్వు అడిగావు కాబట్టి రెండు రోజులు నిద్ర పట్టలేదు. నువ్వు హుకుం జారీ చేస్తే నాకు హాయిగా ఉంటుంది, ఎదురు తిరగడం తేలిక. అడిగితేనే కష్టం. అయినా వెళ్లాను. నీ భయం నీది. దాన్ని నా నెత్తిన పెట్టి జీవితాంతం మొయ్యమనడం న్యాయం కాదు. నువ్వు కాఫీ ఆలస్యంగా తాగుతావని నేను ఇంట్లో కూర్చోలేను.

ఎందుకు పోయిందో చెబుతాను. రివర్సు బాగా వచ్చింది, పార్కింగు బాగా వచ్చింది. ఒక కూడలి దగ్గర ఎడమకి తిరగాలి. ఆగాను, అటూ ఇటూ చూశాను, రోడ్డు ఖాళీ. మొదటి గేరులో ఉంది, క్లచ్ మీద కాలుంది. కదల్లేదు. పక్కన ఉన్న అధికారి నావైపు చూశాడు. వెనక కారువాడు హారను కొట్టాడు. మళ్లీ రోడ్డు ఖాళీ అయింది. అయినా అలాగే కూర్చున్నాను. నాకేమీ భయం వెయ్యలేదు, ఏం చెయ్యాలో తెలుసు. కాని దేనికోసమో ఎదురు చూస్తున్నాను. చివరికి ఆయన కాగితం మీద ఏదో రాసుకుని బండి పక్కకి పెట్టమన్నాడు.

బస్సులో తిరిగొస్తుంటే అర్థమైంది. నీ కారు కూడలి దగ్గర ఎప్పుడు కదిలినా నువ్వు "పోనివ్వండి" అన్నాకే కదిలేది. ఆ మాట వినపడకుండా బండి ముందుకెళ్లడం నేను చిన్నప్పటి నుంచీ చూడలేదు. ఇక్కడ పెద్దావిడ "ఊఁ" అంటోంది కాబట్టి క్లాసుల్లో బయటపడలేదు. పరీక్షలో ఎవరూ ఏమీ అనలేదు.

నాకు ఎంత కోపంగా ఉందో రాయలేను. నిన్ను ఎదిరించాననుకుంటూ ఇంత దూరం వచ్చి, ఖాళీ రోడ్డు మీద నీ అనుమతి కోసం కూర్చున్నాను. ఇది చదివి నీకు జాలేసి ఆ మాట రాసి పంపుతావేమో. వద్దు. దయచేసి రాయకు. అది నాకు నీ దగ్గర్నుంచి వద్దు.

మళ్లీ పరీక్షకి పేరిచ్చాను.

మీ అమ్మాయి

*

స్కూలు ఆఫీసు,
సాయంత్రం

అమ్మాయీ,

సంతోషించమన్నావు. ఫెయిలయ్యావని చదివి నాకు సంతోషం కలగలేదు. ఎందుకు కలగలేదా అని రోజంతా ఆలోచించాను. ఆ అధికారి మీద కోపమొచ్చింది. రోడ్డు రెండుసార్లు ఖాళీ అయినా కదలనంత మాత్రాన ఫెయిలు చేస్తాడా అని మీ అమ్మతో వాదించాను. మీ అమ్మ నాతో మళ్లీ మాట్లాడుతోంది, అది వేరే సంగతి.

నువ్వు రాసిన మందుల షాపు ఆవిడ ఇవాళ వచ్చింది. ఇప్పుడు తన కూతుర్ని చేర్పించడానికి. ఫీజు సంగతులూ టైములూ అయ్యాక అడిగింది. "వెనక కూర్చునే పాప ఎలా ఉందండీ? పైచదువుకి వెళ్లిందటగా. కారు అద్భుతంగా నడుపుతూ ఉంటుందిలెండి, ఇంట్లోనే మాస్టారుంటే ఇంక చెప్పేదేముంది."

అప్పుడు ఆఫీసులో ఆమె కూతురుంది, మన మెకానిక్కు ఉన్నాడు. ఇద్దరూ నావైపే చూస్తున్నారు. నేర్పలేదని చెప్పాలి. నోరు తెరిచాను. "నడుపుతుందమ్మా. కొండ దారుల్లో కూడా నడుపుతుంది" అన్నాను. మెకానిక్కుకి నిజం తెలుసు. వాడు పానా వెతుక్కుంటున్నట్టు బల్ల కిందికి వంగాడు. ఆమె వెళ్లిపోయాక చాలాసేపు నాకు పని మీద మనసు నిలవలేదు. నీకు చేతకాదని పైకి అనాల్సి వచ్చేసరికి నా నోరు పెగల్లేదు, అంతే.

నేను అబద్ధమాడే మనిషిని కానని ఊళ్లో పేరుంది. కాబట్టి ఆ మాట నిజం చెయ్యాల్సిన పూచీ నీది. దీన్ని ఒప్పుకోలు అనుకోకు. నా భయం ఎక్కడికీ పోలేదు.

నా దగ్గర కూడా కొందరు నీలాగే కూడళ్ల దగ్గర కొయ్యబారిపోతారు. వాళ్లకి చెప్పేదే నీకూ చెబుతున్నాను. రోజూ సాయంత్రం ఒక కూడలికి నడిచి వెళ్లు. కారు లేకుండా. అంచున నిలబడి వచ్చే బండ్లని చూడు. ఇప్పుడు కారులో ఉంటే కదలొచ్చని అనిపించిన ప్రతిసారీ ఒక అడుగు పక్కకి వెయ్యి, రోడ్డు మీదికి కాదు. కొన్నాళ్లకి కాళ్లకే తెలుస్తుంది.

నువ్వు రాయొద్దన్న మాట ఎక్కడా రాయలేదు. మీ అమ్మ కూడా వెతికి చూసింది.

నాన్న

*

సరస్సు పక్కన, కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని

నాన్నా,

పాసయ్యాను. మందుల షాపు ఆవిడ దగ్గర నీ పరువు నిలబెట్టడానికి కాదు. నాకోసం పాసయ్యాను. ఆ మాట ముందే రాసి పెడుతున్నాను, తర్వాత నువ్వు ఇంకోలా చెప్పుకోకుండా.

కూడలి దగ్గర అడుగులు వేసే పని చేశాను. పక్కకి ఒక అడుగు, మళ్లీ ఒక అడుగు, అలా సాయంత్రమంతా. పిచ్చిదాన్ననుకుని ఒకాయన రోడ్డు దాటిస్తానంటూ చెయ్యి పట్టుకున్నాడు. అయినా మానలేదు. పరీక్ష రోజు అదే కూడలి తగిలింది, అదే అధికారి. రోడ్డు ఖాళీ అయింది. వెళ్లాను. ఆయన ఏమీ అనలేదు, నేనూ ఎవరి మాట కోసమూ చూడలేదు.

ఇవాళ మళ్లీ నలుగురం బయల్దేరాం. అదే కొండ. ఈసారి నడిపింది నేనే. లెక్కలమ్మ పక్కన కూర్చుని ఎక్కుతున్నంతసేపూ తలుపు పిడి వదల్లేదు. పైన ఆగి ఫొటో తీయించుకున్నాను. ఈసారి స్టీరింగు కనపడేలా తియ్యమన్నాను. చేతులు రెండూ దాని మీదే ఉన్నాయి, మోచెయ్యి లోపలే ఉంది. పిన్నికి పంపమని చెప్పాను.

దిగుడు మొదలవ్వక ముందే రెండో గేరు వేశాను. ఆ రోజు వాసనొచ్చిన మలుపు దాటాను, లోయ పక్కన మలుపు దాటాను, ఒక్కచోట కూడా ఆగలేదు. కిందికొచ్చి బండి ఆపాక లెక్కలమ్మ నా భుజం మీద ఒక్కటి చరిచింది. అప్పుడు తట్టింది నాకు.

ఆ దిగుడంతటా నీ గొంతు వినపడలేదు నాన్నా. ఒక్క మాట కూడా. టైర్ల చప్పుడు విన్నాను, ఇంజను మూలుగు విన్నాను, వెనక పొడుగాయన గురక విన్నాను. నువ్వు లేవు. ఇది చదివి నీకు కష్టంగా ఉంటుందేమో. ఉండనీ. నాకు మాత్రం చాలా హాయిగా ఉంది.

మీ అమ్మాయి